గాలం వేసేవారికి ప్రణాళికలో చోటేది?

నల్లమల సాగర్ నిండకముందే తేలాల్సిన విషయం
రక్షిత జలాల చట్టంలో 'వృత్తి' ఉన్నవారికే మాట
కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా, కావేరీ తీరాల అనుభవాలు

అర్ధవీడు: అర్ధవీడు మండలంలోని కాకర్ల వద్ద రెండు కొండల నడుమ ఉన్న ఖాళీని ఆనకట్టతో మూసివేశారు. ఈ ప్రాంత ప్రజలు దీనిని కాకర్ల గ్యాప్ అంటారు. ఇదే వరుసలో గొట్టిపడియ, సుంకేశుల గ్యాపుల వద్ద మరో రెండు ఆనకట్టలు వెలిశాయి. ఈ మూడింటి వెనుక 53.85 టీఎంసీల నీటిని నిలిపేలా పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు జలాశయానికి రూపకల్పన జరిగింది. దీని పేరే నల్లమల సాగర్. 1996లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు పనులు 2005 ప్రాంతంలో ఊపందుకున్నాయి. శ్రీశైలం జలాశయం వెనుక జలాల నుంచి కొండలను తొలుచుకుంటూ వచ్చే రెండు సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు.

ఈ నీటి గురించి జరిగిన చర్చ అంతా సాగు, తాగునీరు, పదకొండు ముంపు గ్రామాల పునరావాసం చుట్టూనే తిరిగింది. అది న్యాయమే. నాలుగు లక్షల నలభై వేల ఎకరాలకు పైగా ఆయకట్టు, ఊళ్లు వదులుకున్న కుటుంబాల భవితవ్యం ముందు మరే అంశమైనా చిన్నదిగానే కనిపిస్తుంది. అయితే నీరున్న చోట చేప ఉంటుంది, చేప ఉన్న చోట వల ఉంటుంది, గాలమూ ఉంటుంది. అంత పెద్ద నీరు నల్లమల అంచున నిలిచినపుడు ఎక్కడ ఎవరు చేప పట్టవచ్చు, ఎక్కడ పట్టరాదు అన్న గీతలు ఏదో ఒక నాటికి గీయక తప్పదు. ఆ గీతలు గీసే సమయంలో వలవేసే మత్స్యకారులకు తమ సంఘాల ద్వారా మాట్లాడే వీలుంది. సరదాకో, ఆదివారం పూట ఇంటి కూరకో గాలం పట్టుకుని గట్టున కూర్చునే వారికి మాత్రం సంఘం లేదు, లైసెన్సు లేదు, ప్రభుత్వ దస్త్రాలలో పేరూ లేదు.

నల్లమల సాగర్‌ను రక్షిత ప్రాంతంగా ప్రకటిస్తారని దీని అర్థం కాదు. కాని అడవిని ఆనుకుని పెద్ద జలాశయం ఏర్పడిన చోట్ల వన్యప్రాణి చట్టం నీటి అంచుదాకా వచ్చిన ఉదాహరణలు దేశంలో ఉన్నాయి. హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిపై 1970వ దశకంలో కట్టిన పాంగ్ డ్యామ్ జలాశయం 1983లో అభయారణ్యమైంది. అక్కడ మత్స్య సహకార సంఘాల వేట నేటికీ నియమాలకు లోబడి సాగుతోంది. మన ముంగిట ఉన్న పులుల అభయారణ్యం పేరులోనే నాగార్జునసాగర్, శ్రీశైలం అనే రెండు జలాశయాలు ఉండటం గమనార్హం. 1978లో అభయారణ్యంగా, 1983లో ప్రాజెక్టు టైగర్ పరిధిలోకి వచ్చిన ఈ అడవికి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు తూర్పు ముంగిలి వంటివి. దక్షిణాన గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం 1990లో ఏర్పడింది. గుండ్లకమ్మ పుట్టేది ఆ కొండల్లోనే.

గాలం అనగానే తేలికగా చూడరాదు

గాలంతో చేప పట్టడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. కంభం చెరువు ఉన్నంత కాలంగా అది ఉంది. గుండ్లకమ్మ, జంపలేరులకు అడ్డంగా కొండల నడుమ కట్టిన ఈ చెరువును శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ తవ్వించిందని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంస్థ దీనికి వారసత్వ కట్టడంగా గుర్తింపునిచ్చింది. ఇటువంటి చెరువుల్లో చేప హక్కును లీజు పద్ధతిన మత్స్య సహకార సంఘాలకు అప్పగిస్తారు. పెద్ద జలాశయాల్లో మత్స్యశాఖ వ్యక్తిగత లైసెన్సులు ఇస్తుంది. రెండు పద్ధతుల్లోనూ లెక్కకు వచ్చేది వృత్తి మత్స్యకారుడే. వెదురు కర్ర, నైలాను దారం, బెండు, ఎర్రలు పెట్టిన డబ్బా పట్టుకుని వచ్చేవాడు ఏ పద్దులోనూ కనిపించడు. సంఘం వారు చూసీచూడనట్లు వదిలేస్తే పడతాడు, అదిలిస్తే లేచిపోతాడు.

అటువంటి వారిలో బడి పిల్లలు, వ్యవసాయ కూలీలు, విశ్రాంత ఉద్యోగులు, సెలవుకు ఊరొచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లు ఉంటారు. వీరందరినీ కలిపి ఆంగ్లంలో వినోద మత్స్యవేటగాళ్లు అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మన దగ్గర వినోదానికీ కూరకూ మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు. పట్టిన కొరమీనును తిరిగి నీటిలో వదిలేవాడు కంభం గట్టున దొరకడం కష్టమే. ఈ తేడాను గుర్తుంచుకునే తక్కిన విషయాన్ని పరిశీలించాల్సి ఉంటుంది.

వల తీసే చేపతో పోలిస్తే ఒక్క గాలం తీసే చేప ఎంత అన్న వాదన ఉంది. ఒక్క గాలం విషయంలో అది నిజమే. కాని ఏ ఆంక్షా లేని కొత్త జలాశయం గట్టున వందల గాలాలు ఏడాది పొడవునా పడితే, అందులోనూ వాగుల నోళ్ల వద్ద గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే తల్లిచేపల మీద పడితే లెక్క మారుతుంది. పైగా గాలం పేరిట వచ్చి మందుగుండు పేల్చేవారు, నీటిలో విషం కలిపేవారు తగులుతూనే ఉంటారు. 1897 నాటి భారత మత్స్య చట్టమే ఈ రెండింటినీ నేరంగా పేర్కొంది. నూట పాతికేళ్లు దాటినా వాటి ఊసు ఇంకా ఎత్తవలసి రావడం విచారకరం.

చట్టం ఏమంటోంది

రక్షిత ప్రాంతాన్ని ఏర్పాటు చేసే అధికారం, ఆ ప్రక్రియలో ప్రజల మాట వినవలసిన బాధ్యత రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉన్నాయి. ప్రభుత్వం తన ఉద్దేశాన్ని ప్రకటించిన తర్వాత జిల్లా కలెక్టరు ఆ ప్రాంతంలోని హక్కులపై విచారణ జరపాలి. స్థానిక భాషలో ప్రకటన వెలువరించాలి. హక్కు ఉందనుకున్నవారు రెండు నెలల్లోగా లిఖితపూర్వకంగా తమ క్లెయిము దాఖలు చేసుకోవాలి. వచ్చిన క్లెయిములలో కొన్నింటిని అభయారణ్యంలో కొనసాగనిచ్చే వెసులుబాటు కూడా కలెక్టరుకు ఉంది. దీనికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని సంప్రదించాలి.

సముద్ర జలాలను అభయారణ్యంలో చేర్చేటపుడు ఈ చట్టం మరో షరతు విధించింది. 26ఏ సెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వ ముందస్తు సమ్మతి ఉండాలి. నౌకాదళ ప్రధాన జలచిత్రకారుని సంప్రదించి హద్దులు నిర్ణయించాలి. స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాల రక్షణకు తగిన చర్యలు తీసుకున్న తర్వాతే ఆ పని చేయాలి. ఇక్కడ 'వృత్తి' అన్న ఒక్క మాటలోనే అసలు విషయమంతా ఉంది. చేపను అమ్ముకుని బతికేవారి ప్రయోజనం గురించి చట్టం ఆలోచించింది. అది సబబే. సముద్రతీరంలో రాతిగట్టు మీద గాలం వేసే ఉద్యోగి గురించి గాని, చెరువుగట్టున కూర్చునే కూలీ గురించి గాని అందులో ప్రస్తావన లేదు.

అభయారణ్యంలోకి ప్రవేశానికి అనుమతి ఇవ్వదగిన పనులను 28వ సెక్షను పేర్కొంది. వన్యప్రాణి పరిశీలన, ఛాయాచిత్రాలు, శాస్త్ర పరిశోధన, పర్యటన, అక్కడ నివసించేవారితో చట్టబద్ధమైన లావాదేవీలు అందులో ఉన్నాయి. గాలపు వేట లేదు. అందువల్ల పులుల అభయారణ్యంలోని వాగులో అనుమతి లేకుండా గాలం వేయడానికి వెళ్లినవారు సరదాకు వెళ్లామని చెప్పినా చెల్లదు. ఈ విషయం తెలియక అటవీ సిబ్బందితో వాగ్వాదానికి దిగడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మరోవైపు 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం నీటి వనరులలోని చేపలు, ఇతర ఉత్పత్తులపై సామూహిక హక్కును స్పష్టంగా గుర్తించింది. ఇది చెంచులకు, అడవిపై ఆధారపడిన ఇతర సంప్రదాయ నివాసులకు వర్తించేది. ఇతర సంప్రదాయ నివాసులైతే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే డెబ్బై ఐదేళ్లుగా అక్కడ నివసిస్తూ అడవిపై ఆధారపడినట్లు చూపాలి. అదే ఏడాది వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణలో పులుల అభయారణ్యపు బఫర్ హద్దులను గ్రామసభలను, నిపుణుల కమిటీని సంప్రదించి నిర్ణయించాలని చేర్చారు. ఈ చట్టాలన్నింటిలోనూ గ్రామసభ అన్న మాట పదేపదే వస్తుంది. గాలం వేసేవాడికి సంఘం లేకపోయినా గ్రామసభలో కుర్చీ ఉంది. ఓటరుగా అతను అందులో సభ్యుడే.

తొలి ప్రయత్నం ఎందుకు విఫలమైంది

వినోద మత్స్యవేటగాళ్లను పక్కనబెట్టి సముద్రంలో గీతలు గీస్తే ఏమవుతుందో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం అనుభవపూర్వకంగా తెలుసుకుంది. అక్కడ సరదాగా చేప పట్టడం లక్షల మంది కాలక్షేపం. ఏటా లైసెన్సు రుసుము చెల్లించి గాలం వేస్తారు. తీరం వెంబడి రక్షిత ప్రాంతాల వలయాన్ని ఏర్పాటు చేయాలంటూ 1999లో ఆ రాష్ట్రం సముద్ర జీవుల రక్షణ చట్టం చేసింది. మొదట నిపుణులు కూర్చుని పటాలు తయారు చేశారు. తర్వాత ఆ పటాలను ప్రజల ముందు పెట్టారు. తాము దశాబ్దాలుగా పడవలు నిలుపుకునే చోట్లు నిషిద్ధ ప్రాంతాలుగా కనిపించేసరికి గాలపు వేటగాళ్లు సభలకు వెల్లువెత్తారు. ఆ ప్రయత్నం ఆగిపోయింది. రెండోసారి మొదలుపెట్టినా నిధులు చాలక ముందుకు సాగలేదు.

2004లో మూడోసారి పద్ధతి మార్చారు. తీరాన్ని ప్రాంతాలుగా విభజించి, ఒక్కో ప్రాంతానికి స్థానికులతో ఒక బృందాన్ని ఏర్పాటు చేశారు. వృత్తి మత్స్యకారులు, సరదా వేటగాళ్లు, ఈతగాళ్లు, పర్యావరణవాదులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని తమ తమ పటాలను తామే గీశారు. శాస్త్రవేత్తల కమిటీ ఆ పటాలను కొలతలకు సరిపోల్చి చూసింది. ఎంత విస్తీర్ణం ఉండాలి, ఒక రక్షిత ప్రాంతానికీ మరోదానికీ మధ్య ఎంత దూరం ఉండాలి అన్నది శాస్త్రవేత్తలు చెప్పారు. ఏ రాతి తిప్పను వదులుకోగలం, ఏది వదులుకోలేం అన్నది వేటగాళ్లు చెప్పారు. 2012 చివరి నాటికి పని పూర్తయింది. మొత్తం 124 రక్షిత ప్రాంతాలు ఏర్పడ్డాయి. రాష్ట్ర జలాలలో ఇవి సుమారు 16 శాతం.

ఈ బేరసారాల ఫలితం నియమాలలో కనిపిస్తుంది. అన్ని రక్షిత ప్రాంతాలలో వేట పూర్తిగా నిషిద్ధం కాదు. కొన్నింటిలో అమ్మకానికి పట్టడం కూడదు గాని సరదా వేటకు అవకాశం ఉంది. కొన్నిచోట్ల పడవ మీద నుంచి కాక ఒడ్డున నిలబడి గాలంతో మాత్రమే పట్టవచ్చు. ఉత్తర తీరంలో ఆదివాసీ తెగల సంప్రదాయ సేకరణను మినహాయిస్తూ 2012లో నియమావళిని ఆమోదించారు. మన చెంచుల విషయానికి ఇది దగ్గరి పోలిక.

అంతా సామరస్యంగా జరిగిందని అనుకోరాదు. దక్షిణ తీరంలో హద్దులను వ్యతిరేకిస్తూ వినోద వేటగాళ్ల సంఘాలు 2011లో న్యాయస్థానానికి వెళ్లాయి. ప్రణాళికను మాత్రం ఆపలేకపోయాయి. బల్ల దగ్గర కూర్చోబెట్టినంత మాత్రాన అడిగినదంతా దక్కదని ఆ సంఘాలకు తెలిసివచ్చింది. అయినా మొదటిసారి కూలిపోయిన పని మూడోసారి నిలబడింది.

ఒక మనిషికి ఒక గాలం

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ మరో పెద్ద ఉదాహరణ. సుమారు 3 లక్షల 44 వేల చదరపు కిలోమీటర్ల ఆ సముద్ర ఉద్యానంలో వేట పూర్తిగా నిషిద్ధమైన భాగం తొలుత ఐదు శాతానికి లోపే ఉండేది. 2004 జులై 1 నుంచి దానిని 33 శాతానికి పెంచారు. అంతకుముందు రెండు విడతలుగా ప్రజాభిప్రాయం సేకరించగా 31 వేలకు పైగా వినతులు అందాయి. రాసినవారిలో గాలం వేసేవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తీరప్రాంత పట్టణాలలో నిరసన తీవ్రంగానే వ్యక్తమైంది.

ఆ ప్రణాళికలో రంగులతో మండలాలను చూపారు. ఆకుపచ్చ మండలంలో ఎవరూ పట్టరాదు. పసుపు మండలంలో ఒక మనిషికి ఒక్క గాలపు కర్ర లేదా చేతిదారం, దానికి ఒక్క ముల్లు మాత్రమే అనుమతిస్తారు. నీలం మండలాలలో నియమాలు సడలింపుగా ఉంటాయి. ముల్లు లెక్కపెట్టేంత సూక్ష్మంగా నియమం రాయగలిగారంటే గాలం వేసేవారు ఉన్నారని ప్రభుత్వం గుర్తించినందువల్లే. ఆకుపచ్చ మండలాలలో గాలానికి ఎక్కువగా చిక్కే ఒక జాతి పగడపు చేపల సంఖ్య రెండేళ్లలోనే గణనీయంగా పెరిగినట్లు శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అయితే నష్టపరిహారం మాత్రం వృత్తి మత్స్యకారులకు, వారిపై ఆధారపడిన వ్యాపారాలకే దక్కింది.

మన తీరంలోనూ పరికరాన్ని బట్టి నియమం మార్చే పద్ధతి ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు అమలయ్యే సముద్ర వేట నిషేధం యాంత్రిక పడవలకు, మోటారు పడవలకు వర్తిస్తుంది. తెడ్డు వేసుకునే సంప్రదాయ తెప్పలను అందులోనుంచి మినహాయించారు. సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అర్ధవీడు జలాశయానికి ఇటువంటి నియమాలు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

కావేరీ ఒడ్డున మిగిలిన పుస్తకాలు

విదేశాల మాట పక్కనబెట్టి పొరుగు రాష్ట్రాన్ని చూస్తే మరో కోణం బయటపడుతుంది. కర్ణాటకలో కావేరీ నది భీమేశ్వరి, గాలిబోరె ప్రాంతాల్లో పెద్ద మూపు గల మహాశీర్ చేపకు పేరు పొందింది. నలభై కిలోలకు పైగా తూగే ఈ చేపను గాలానికి పట్టడానికి దేశవిదేశాల నుంచి వచ్చేవారు. 1972లో బెంగళూరులో ఏర్పడిన దక్షిణ భారత వన్యప్రాణి సంఘం నదిలో కొంత భాగాన్ని లీజుకు తీసుకుని కాపలా పెట్టింది. పట్టిన చేపను తూచి, కొలిచి, తిరిగి నీటిలో వదిలేయడం అక్కడి శిబిరాల పద్ధతి. ఎవరు ఎన్ని గంటలు గాలం వేశారు, ఏ చేప పడింది, ఎంత తూగింది అన్న వివరాలను పుస్తకంలో రాసేవారు.

1987లో ఆ ప్రాంతం కావేరీ అభయారణ్యమైంది. చట్టంలో గాలపు వేటకు చోటు లేనందున 2012 నాటికి ఆ శిబిరాలలో వేట ఆగిపోయింది. శిబిరాలు మూతపడితే నదికి కాపలా తగ్గి, దొంగ వలలు, మందుగుండు పెరుగుతాయని గాలపు వేటగాళ్లు ఆందోళన వ్యక్తం చేశారు. అభయారణ్యంలో ఒకరి సరదా కోసం ప్రాణికి ముల్లు గుచ్చడం ఏ మేరకు సమంజసమని ఎదుటి పక్షం ప్రశ్నించింది. రెండు వాదనలలోనూ పస ఉంది.

ఈలోగా ఆ పుస్తకాలు అనుకోని విధంగా ఉపయోగపడ్డాయి. 1998 నుంచి 2012 వరకు గాలిబోరె శిబిరంలో నమోదైన 23 వేలకు పైగా గంటల వేట, 6161 మహాశీర్ చేపల వివరాలను పరిశోధకులు విశ్లేషించి 2015లో ప్రచురించారు. పడిన చేపల సంఖ్య మొత్తంమీద పెరుగుతూ వచ్చింది. అయితే అందులో పెరిగింది బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహాశీర్. కావేరీకే పరిమితమైన మూపు మహాశీర్ ఏటేటా తగ్గిపోతూ వచ్చింది. పేరు మోసిన చేప అయినా అప్పటికి దానికి శాస్త్రీయ నామం కూడా నిర్ధారణ కాలేదు. 2018లో ఆ పని పూర్తయి, అదే ఏడాది అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకు ఎక్కింది. గాలం వేసినవారు రాసుకున్న లెక్కలు లేకపోతే ఆ చేప తరిగిపోతున్న సంగతి అంత వివరంగా బయటపడేది కాదు.

ఇక్కడ మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. బయటి చేప చేరితే స్థానిక చేప ఏమవుతుందన్నది నల్లమల సాగర్‌కూ వర్తించే ప్రశ్న. సొరంగాల గుండా కృష్ణా నీటితోపాటు కృష్ణా చేప కూడా వచ్చే అవకాశం ఉంది. ఆపైన మత్స్యశాఖ చేపపిల్లలను వదలడం ఆనవాయితీ. బొచ్చె, శీలావతి పెరిగితే సంఘాలకు లాభమే. వాగుల్లో బతికే చిన్న చేపల సంగతి ఎవరు చూస్తారు? గట్టున కూర్చుని రోజూ ఏ చేప పడుతోందో చూసేవారి కంటే ముందుగా ఆ తేడాను పసిగట్టగలిగేవారు అరుదు.

కొల్లేరులో జరిగినది

మాట వినకుండా గీత గీస్తే ఏమవుతుందో మన రాష్ట్రంలో కొల్లేరు చూపింది. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను పేల్చివేశారు. చెరువులు తవ్వినవారిలో పెట్టుబడిదారులు ఉన్నారు, తమ భూమి అనుకున్న చిన్న రైతులూ ఉన్నారు, కూలికి వల లాగినవారూ ఉన్నారు. 2008లో హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా నడిచింది. పక్షులకు సరస్సు కావాలి. సరస్సు మీద బతికేవారికి తిండి కావాలి. ఎవరి హక్కు ఎంత అన్నది మొదటే విచారించి, రాతపూర్వకంగా తేల్చి ఉంటే పేలుడు పదార్థాల దాకా వచ్చేది కాదన్న వాదన కొట్టిపారేయదగినది కాదు.

కొల్లేరు సమస్య చెరువుల యజమానులది, మత్స్య సంఘాలది. అంతటి బలం ఉన్నవారి మాటే హద్దులు ఖరారయ్యాక గాని పైకి రాలేదంటే, ఏ బలమూ లేని గాలపు వేటగాడి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఏ దశలో మాట్లాడాలి

అడవి అంచు గ్రామాలకు వర్తించే మరో ప్రక్రియ పర్యావరణ సున్నిత మండలం. అభయారణ్యాల చుట్టూ కనీసం కిలోమీటరు మేర ఇటువంటి మండలం ఉండాలని సుప్రీంకోర్టు 2022 జూన్ 3న ఆదేశించి, 2023 ఏప్రిల్ 26న ఆ ఆదేశాన్ని సవరించింది. ఇటువంటి మండలాన్ని ఏర్పాటు చేసేటపుడు కేంద్ర పర్యావరణ శాఖ ముందుగా ముసాయిదా వెలువరిస్తుంది. అభ్యంతరాలు, సూచనలు పంపడానికి అరవై రోజుల గడువు ఉంటుంది. తుది ప్రకటన వచ్చాక స్థానికులను సంప్రదిస్తూ రాష్ట్ర ప్రభుత్వం మండల ప్రణాళిక తయారు చేయాలి. గెజిట్‌లో వచ్చే ఆ ముసాయిదా గ్రామ సచివాలయం గోడమీదికి ఎన్ని రోజులకు చేరుతుందన్నది వేరే సంగతి. గడువు మాత్రం గెజిట్ తేదీ నుంచే నడుస్తుంది.

2022లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతాలలో గాని, అటవీ హక్కుల చట్టం వర్తించే చోట గాని ఉన్న అభయారణ్యాల నిర్వహణ ప్రణాళికను గ్రామసభలను సంప్రదించి తయారు చేయాలి. సంరక్షణ రిజర్వు అనే మరో తరగతి కూడా చట్టంలో ఉంది. అభయారణ్యానికి ఆనుకుని ఉన్న ప్రభుత్వ భూములు, జలాలకు ఇది వర్తిస్తుంది. స్థానికులను సంప్రదించిన తర్వాతే దీనిని ప్రకటించాలి. నిర్వహణ కమిటీలో పంచాయతీల ప్రతినిధులు ఉంటారు. పూర్తి నిషేధానికీ పూర్తి స్వేచ్ఛకూ నడుమ దారి వెతికేవారికి ఈ తరగతి అనుకూలమైనది.

గ్రామసభకు వెళ్లేవారు ఉత్త అభ్యంతరంతో వెళితే ఫలితం అంతంతమాత్రమే. కాలిఫోర్నియాలో పటం పట్టుకుని వచ్చినవారి మాట నిలిచింది. కావేరీలో పుస్తకం రాసినవారి లెక్క నిలిచింది. అర్ధవీడు, కంభం, మార్కాపురం, పెద్దారవీడు మండలాల్లో గాలం వేసేవారు చేయగలిగిన పని కూడా అటువంటిదే. ఏ గట్టున, ఏ వాగు నోటి వద్ద, ఏ నెలలో ఎంతమంది కూర్చుంటున్నారు, ఏ చేప పడుతోంది, ఎంత తూగుతోంది అన్న వివరాలు ఒక నోటు పుస్తకంలో రాసుకోవడానికి అనుమతి అక్కరలేదు. కంభం చెరువు వద్ద ఈ పని వెంటనే మొదలుపెట్టవచ్చు. అప్పుడు కొత్త జలాశయానికి పోల్చి చూడడానికి పాత లెక్క చేతిలో ఉంటుంది. తేదీ వేసి, ఊరి పేరు రాసి, పంచాయతీ తీర్మానానికి జతచేస్తే అది దస్త్రం అవుతుంది.

అడగవలసినవి కూడా పెద్దవేమీ కావు. ఒడ్డు నుంచి మాత్రమే, మనిషికి ఒక్క గాలం చొప్పున, ఆనకట్టకు తూములకు దూరంగా గుర్తించిన గట్లపై పట్టుకునే వీలు ఉండాలి. సంఘాల లీజుకు భంగం కలగకుండా నామమాత్రపు రుసుముతో చీటీ ఇచ్చే ఏర్పాటు ఉంటే సంఘానికీ కాస్త ఆదాయం, గాలం వేసేవాడికీ కాస్త మర్యాద. బదులుగా వదులుకోవలసినవీ ఉన్నాయి. అడవిలోంచి నీరు దిగే వాగుల నోళ్లను పూర్తిగా విడిచిపెట్టాలి. హిమాచల్‌ప్రదేశ్ జలాశయాలలో ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు రెండు నెలలు వేట ఆపేస్తారు. గుడ్లు పెట్టే చేపకు ఆ వ్యవధి చాలా అవసరం. మన దగ్గర తొలకరి తర్వాత వాగులు పారే సమయంలోనే చేప ఎదురెక్కుతుంది, గాలానికీ మావులకీ సులభంగా చిక్కేదీ అప్పుడే. ఆ నెలలు ఏవన్నది మత్స్యశాఖ అధికారులు, సంఘాల పెద్దలు, గాలం వేసేవారు కలిసి కూర్చుని, కాకర్ల వద్ద నీరు నిలవక మునుపే ఖరారు చేసుకోవచ్చు.